2,800 రూపాయల సిగ్నల్ జనరేటర్ విప్పి చూస్తే: ఫ్రీక్వెన్సీ నిజం, లెవెల్ అబద్ధం

ఈరోజు టేబుల్ మీద మూడు చౌక సిగ్నల్ జనరేటర్లు పెట్టాను. మూడూ కలిపి పదివేల పైచిలుకు పడ్డాయి. వీటిలో మధ్యలో ఉన్నదాన్ని నమ్మి మా బాబాయి దగ్గర పరువు పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతి చెప్తా, తర్వాత స్క్రూడ్రైవర్ తీద్దాం.

పాత ఎపిసోడ్లు చూసినవాళ్లకి తెలుసు, మాది కనిగిరి. బీటెక్ అయ్యాక కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇదిగో ఇలా మీ ముందు కూర్చుంటున్నా. మా బాబాయికి ఊరి బయట మిరప చేను, అందులో బోరు ఉన్నాయి. వ్యవసాయానికి కరెంటు ఏ టైమ్‌లో ఇస్తే ఆ టైమ్‌లో మోటార్ వేయాలి కదా, అది ఒక్కోసారి తెల్లవారుజామున వస్తుంది. అందుకని స్టార్టర్ డబ్బాకి ఒక వైర్‌లెస్ రిమోట్ పెట్టించుకున్నాడు. డాబా ఎక్కి బటన్ నొక్కితే చేలో మోటార్ తిరిగేది. రెండేళ్లు బాగానే నడిచింది. పోయిన సీజన్లో డాబా మీద నుంచి పనిచేయడం మానేసింది. చేను గట్టు దాకా వెళ్లి నొక్కితేనే పనిచేస్తోంది. ఇంకేముంది, మళ్లీ టార్చిలైటు, మళ్లీ చీకట్లో నడక. మిరప చేలల్లో పాముల సంగతి మన ఊళ్లవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

"ఒరేయ్, కంప్యూటర్లు చదివావుగా, ఇదేదో చూడరా" అన్నాడు.

అనుమానం రెండింటి మీదే. రిమోట్ గొంతు తగ్గి ఉండాలి, లేదా స్టార్టర్ దగ్గరున్న రిసీవర్‌కి చెవుడు వచ్చి ఉండాలి. ఏది అని తేల్చడానికే సిగ్నల్ జనరేటర్. రిమోట్ పనిచేసేది 433.92 మెగాహెర్ట్జ్ మీద. జనరేటర్‌లో అదే ఫ్రీక్వెన్సీ పెట్టి, కేబుల్‌తో రిసీవర్‌కి ఇచ్చి, సిగ్నల్‌ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోవాలి. ఎక్కడ వినడం ఆగిపోతుందో అదే దాని చెవి శక్తి. ఐడియా కరెక్టే. ఆ టెస్టే చేశాను. 30 డీబీ అటెన్యుయేటర్లు మూడు వరసగా బిగించాను, అయినా రిసీవర్ టకటకా స్పందిస్తోంది. "బాబాయ్, రిసీవర్ బ్రహ్మాండంగా ఉంది, తప్పు రిమోట్‌దే" అని తేల్చేశాను. ఆయన 1,200 పెట్టి కొత్త రిమోట్ కొన్నాడు. ఆ రాత్రి డాబా ఎక్కి నొక్కితే మోటార్ కదల్లేదు.

"ఏరా, నీ డబ్బా ఏం చెప్పింది, ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ డబ్బాని విప్పాను.

ఇదే ఆ డబ్బా. పైనా కిందా రెండు యాక్రిలిక్ షీట్లు, నాలుగు స్క్రూలు, ముందు చిన్న టచ్ స్క్రీన్, పక్కన రెండు బంగారు రంగు సాకెట్లు. ఆన్‌లైన్‌లో "35 మెగాహెర్ట్జ్ నుంచి 4.4 గిగాహెర్ట్జ్" అని రాసి అమ్ముతారు. నేను కొన్నప్పుడు 2,800. అంత రేంజ్ ఉన్న కంపెనీ జనరేటర్ కొనాలంటే లక్షల్లో మాట. మరి ఇంత తక్కువకి ఎలా వస్తోంది?

స్క్రూలు తీస్తే లోపల ఉన్నది ఇంతే. మధ్యలో గోరు మీద పట్టేంత చిప్, దాని పేరు ఏడీఎఫ్ 4351, అనలాగ్ డివైసెస్ కంపెనీ డిజైన్. పక్కన 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్. స్క్రీన్ నడపడానికి ఒక ఎస్‌టీఎం 32 మైక్రోకంట్రోలర్. వోల్టేజ్ రెగ్యులేటర్లు ఒకటి రెండు. కథంతా ఆ ఒక్క చిప్‌లోనే ఉంది.

అది ఎలా పనిచేస్తుందో చెప్తా. చిప్ లోపల ఒక ఆసిలేటర్ ఉంటుంది, వోల్టేజ్ మారిస్తే దాని వేగం మారుతుంది. అది తిరగగలిగింది 2,200 నుంచి 4,400 మెగాహెర్ట్జ్ మధ్యలోనే. కానీ వదిలేస్తే ఒకచోట నిలబడదు. అందుకని దాని వేగాన్ని భాగించి, క్రిస్టల్‌తో పోల్చి, ముందుకెళ్తే వెనక్కి లాగి, వెనకబడితే ముందుకు తోస్తూ ఉంటుంది ఇంకో సర్క్యూట్. దీన్నే పీఎల్ఎల్ అంటారు. కాడికి రెండు ఎద్దులు కట్టినట్టు అనుకోండి. క్రిస్టల్ అనుభవమున్న ఎద్దు, ఆసిలేటర్ కుర్ర ఎద్దు. కుర్రది దారి తప్పబోతే పెద్దది సరిచేస్తుంది.

మరి నాకు కావాల్సింది 433.92 కదా, ఆసిలేటర్ 2,200 కిందకి రాదు కదా? అక్కడే డివైడర్ వస్తుంది. ఆసిలేటర్‌ని 3,471.36 దగ్గర తిప్పి, 8తో భాగిస్తే 433.92. ఇలా 2, 4, 8, 16, 32, 64తో భాగించొచ్చు. 2,200ని 64తో భాగిస్తే సుమారు 34.4. డబ్బా మీద 35 అని రాసింది అందుకే. కాబట్టి ఫ్రీక్వెన్సీ విషయంలో అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు. క్రిస్టల్ మిలియన్‌కి పది భాగాలు తప్పినా, 433.92 దగ్గర వచ్చే తేడా 4 కిలోహెర్ట్జ్ చిల్లర. మా బాబాయి రిసీవర్‌కి అది లెక్కే కాదు.

ఇప్పుడు చెప్పని విషయాలకి వద్దాం. మొదటిది, డివైడర్ నుంచి వచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే స్క్వేర్ వేవ్‌కి దగ్గరగా ఉంటుంది. స్క్వేర్ వేవ్ అంటే అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దానికి మూడు రెట్లు, ఐదు రెట్లు దగ్గర కూడా సిగ్నల్ ఉంటుంది. వీటినే హార్మోనిక్స్ అంటారు. లెక్క ప్రకారం మూడో హార్మోనిక్ పవర్ అసలు దానిలో తొమ్మిదో వంతు. అంటే మీరు 433.92 ఒక్కటే పంపుతున్నాం అనుకుంటారు, 1,301.76 దగ్గర కూడా గట్టిగానే పోతోంది.

ఇది ఎలా నమ్మాలి అంటే, ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో ఉన్నవాళ్లు తేలిగ్గా చూడొచ్చు. అందుకే మొదటి బోర్డు తెచ్చా, ఎస్ఐ 5351. ఇది ఇంకా చౌక, కొన్ని వందల్లో దొరుకుతుంది. ఇదీ స్క్వేర్ వేవే ఇస్తుంది. ఆర్డుయినోతో దీన్ని 33 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఔట్‌పుట్‌కి వైర్ లేదు, యాంటెన్నా లేదు, 50 ఓమ్స్ టెర్మినేటర్ బిగించాను. అంటే సిగ్నల్ అంతా అందులోనే అణగిపోవాలి. ఇప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టిన ఫోన్‌ని పక్కన పెట్టి 99 దగ్గర ట్యూన్ చేస్తున్నా. ఇక్కడ స్టేషన్ ఏదీ రావడం లేదు, ఉత్త బుస్సుమనే శబ్దం. ఇప్పుడు బోర్డు ఆన్ చేస్తున్నా. విన్నారా? శబ్దం ఆగిపోయింది. మూడు ముప్పైమూళ్లు తొంభైతొమ్మిది. నేను పెట్టిన 33ని ఎఫ్ఎం రేడియో అసలు వినలేదు, అది విన్నది హార్మోనిక్‌ని.

ఇందులో ఇంకో సంగతి కూడా దాగి ఉంది, గమనించారా? టెర్మినేటర్ బిగించాను కదా, మరి రేడియోకి ఎలా వినపడింది? బోర్డు మీది రాగి గీతల నుంచి, యూఎస్‌బీ కేబుల్ నుంచి సిగ్నల్ బయటికి కారుతోంది. దీన్ని లీకేజ్ అంటారు. నా పరువు తీసింది ఇదే.

మళ్లీ మధ్య డబ్బా దగ్గరికి వద్దాం. దీని ఔట్‌పుట్ గరిష్ఠంగా +5 డీబీఎం, అంటే మూడు మిల్లీవాట్లు చిల్లర. 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్, అక్కడి నుంచి ప్రతి 10 డీబీకి పవర్ పదో వంతు అవుతుంది. నేను 90 డీబీ అటెన్యుయేటర్లు పెట్టాను కాబట్టి రిసీవర్‌కి చేరేది -85 డీబీఎం అనుకున్నా. కేబుల్ దారిలో చేరింది నిజంగా అంతే. కానీ డబ్బా చుట్టూ గాల్లోంచి? ఈ చిప్‌కి ఔట్‌పుట్లు రెండు, అందుకే రెండు సాకెట్లు. నేను వాడింది ఒకటే. రెండోదాన్ని ఖాళీగా వదిలేశా. వాడని ఔట్‌పుట్‌ని కూడా 50 ఓమ్స్‌తో మూసేయాలి, చిప్ డేటాషీట్ చదివితే తెలుస్తుంది. చదవలేదు. పైగా చుట్టూ రేకు డబ్బా లేదు, యాక్రిలిక్ షీటు రేడియో తరంగాలకి అడ్డే కాదు.

కాలువ తూము బిగించి, గట్టుకున్న ఎలుక బొరియలు వదిలేస్తే ఏమవుతుంది? మడిలోకి నీళ్లు వస్తూనే ఉంటాయి. పంపిన సిగ్నల్‌లో పది లక్షల్లో ఒక వంతు గాల్లోంచి చేరినా చాలు, అది -55 డీబీఎం. కేబుల్‌లోంచి వచ్చే -85 కన్నా అది వెయ్యి రెట్లు ఎక్కువ. అంటే నేను పరీక్ష చేసింది కేబుల్‌ని కాదు, బొరియల్ని.

నిజానికి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మూడో అటెన్యుయేటర్ పెట్టాక ఇంకో 10 డీబీ కలిపినా రిసీవర్ తీరు ఏమీ మారలేదు. తగ్గించినా ఏదీ తగ్గడం లేదంటే సిగ్నల్ వేరే దారిలో వస్తోందన్నమాట. ఈ ఎపిసోడ్‌లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. చేయాల్సిన చెక్ కూడా ఒక్క నిమిషం పని. కేబుల్‌ని రిసీవర్ నుంచి పీకేసి, జనరేటర్ వైపు చివర టెర్మినేటర్ బిగించండి. అయినా రిసీవర్ స్పందిస్తోందా? అయితే అప్పటిదాకా రాసుకున్న రీడింగులన్నీ చెత్తబుట్టలో వేయండి.

తర్వాత ఏం చేశానంటే, ఇంట్లో ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. జనరేటర్, దాన్ని ఆన్ ఆఫ్ చేసే ఆర్డుయినో, చిన్న పవర్ బ్యాంక్ మూడూ లోపలే పెట్టా. ఛార్జర్ వైర్ బయటికి తీస్తే అదే యాంటెన్నా అయి కూర్చుంటుంది, అందుకే పవర్ బ్యాంక్. రెండో సాకెట్‌కి టెర్మినేటర్. డబ్బాకి ఒకే చిల్లు, ఆ చిల్లులో ఒకే కనెక్టర్. మూత అంచుల దగ్గర పెయింట్ గీకేసి, రేకుకి రేకు తగిలేలా మూసి, పైన అల్యూమినియం టేప్ చుట్టా. మళ్లీ టెర్మినేటర్ చెక్ చేశా, ఈసారి రిసీవర్ కిమ్మనలేదు.

అప్పుడు అసలు టెస్ట్. పోల్చడానికి ఒక కొత్త రిసీవర్ మాడ్యూల్ కూడా తెచ్చా, ధర 150. కొత్తది సుమారు -105 డీబీఎం దాకా విన్నది. బాబాయిది -65 దగ్గరే ఆగిపోయింది. తేడా 40 డీబీ, అంటే పదివేల రెట్లు చెవుడు. నేల మీద దూరం పదింతలైతే సిగ్నల్ దాదాపు 40 డీబీ పడిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన రేంజ్ పదో వంతుకి పడిపోవాలి. డాబా నుంచి చేను గట్టుకి వచ్చేయడం అంటే అదే మరి. 150 రూపాయల ముక్క మార్చా. ఇప్పుడు డాబా మీద నుంచే మోటార్ తిరుగుతోంది. పాత రిమోట్ కూడా శుభ్రంగా పనిచేస్తోంది. 1,200 పెట్టి కొన్న కొత్తది అలమరలో ఉంది, బాబాయి దాన్ని నేను వెళ్లినప్పుడల్లా తీసి చూపిస్తాడు.

పాత కంపెనీ జనరేటర్లు ఎందుకంత బరువు, ఎందుకంత ఖరీదు అన్నది నాకు అప్పుడు అర్థమైంది. 1970ల నాటి హెచ్‌పీ 8640బి లోపలి ఫోటోలు చూడండి, అల్యూమినియం పోత పోసిన గదులు, ప్రతి గదికీ మూత, మూతకి వరసగా స్క్రూలు. అది -145 డీబీఎం దాకా లెవెల్ ఇస్తుంది. అంత చిన్న సిగ్నల్ తయారుచేయడం కష్టం కాదు, అది తప్ప ఇంకేదీ బయటికి రాకుండా ఆపడమే కష్టం. ఫ్రీక్వెన్సీని చిప్ చౌక చేసేసింది. రేకునీ స్క్రూలనీ ఎవడూ చౌక చేయలేదు.

మూడోది టైనీఎస్ఏ. ఎరిక్ కాషూక్ అనే డచ్ ఇంజినీర్ డిజైన్. అసలు ఇది స్పెక్ట్రమ్ ఎనలైజర్, జనరేటర్‌గానూ పనిచేస్తుంది. ఆరేడు వేల దాకా పడింది. దీని మొదటి సాకెట్ 350 మెగాహెర్ట్జ్ వరకు సైన్ వేవ్ ఇస్తుంది, లెవెల్‌ని -70ల దాకా దించుకోవచ్చు. విప్పితే సున్నితమైన భాగాల మీద రేకు మూత ఉంటుంది. కానీ జాగ్రత్త, 350 పైన సిగ్నల్ రెండో సాకెట్ నుంచి వస్తుంది, అది మళ్లీ స్క్వేర్ వేవే. మన 433 ఆ వైపే పడుతుంది.

మరి ఏది కొనాలి? ప్రాజెక్ట్‌లో క్లాక్ కావాలన్నా, పీఎల్ఎల్ నేర్చుకోవాలన్నా ఎస్ఐ 5351 చాలు. 433, 866 లాంటి చోట ఫిల్టర్లు, యాంటెన్నాలు చూడాలంటే ఏడీఎఫ్ 4351 మంచిదే, రేకు డబ్బా, రెండు టెర్మినేటర్లు, మూడు అటెన్యుయేటర్లు కలిపి బడ్జెట్ వేసుకోండి. ఒక్కటే కొనగలిగితే మాత్రం టైనీఎస్ఏ కొనండి. ఎందుకంటే సిగ్నల్ పంపే పెట్టె కన్నా, ఏం పోతోందో చూపించే పెట్టె మనల్ని ఎక్కువ తప్పుల నుంచి కాపాడుతుంది.

ఒక మాట సీరియస్‌గా. వీటికి యాంటెన్నా తగిలించకండి. ఈ రేంజ్‌లోనే ఎఫ్ఎం ఉంది, విమానాలు మాట్లాడుకునే బ్యాండ్ ఉంది, మీ ఫోన్ టవర్లు ఉన్నాయి. లైసెన్స్ లేకుండా వాటి మీద ప్రసారం చేయడం నేరం. రిమోట్లు వాడే 433లో కూడా తక్కువ పవర్‌కే అనుమతి. గాల్లోకి పంపాలని సరదా ఉంటే పరీక్ష రాసి హామ్ లైసెన్స్ తీసుకోండి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున అండమాన్‌లో ఉన్న భారతి ప్రసాద్, ఫోన్లు మూగబోయిన చోట హామ్ రేడియోతో కబుర్లు చేరవేశారు.

ఈ డబ్బా మళ్లీ బిగించేస్తున్నా, ఈసారి రేకులోనే. వచ్చే ఎపిసోడ్‌లో బాబాయి స్టార్టర్ పక్కన ఆ రిసీవర్‌కి చెవుడు ఎందుకొచ్చిందో దాన్నే విప్పి చూద్దాం. ఉంటాను మరి.