ఒక్కడే కూర్చుని చేసిన సాఫ్ట్‌వేర్ సింత్‌కి డబ్బులు పెట్టొచ్చా?

బస్సులోనో క్లాసులోనో ఉండి సౌండ్ పెట్టుకోలేని వాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌ని ఎప్పటిలాగే అక్షరాల్లో పెడుతున్నాం.

ఈ రోజు విషయం సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు. పెద్ద కంపెనీలవి కాదు. ఎక్కడో ఒక మనిషి, పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని తయారు చేసినవి. వెబ్‌సైట్ తెరిస్తే బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. నాబ్‌లు, లైట్లు, చెక్క అంచులు. ధర ఇరవై, ముప్ఫై డాలర్లు. మన రూపాయల్లోకి మారిస్తే కాలేజీలో చదివేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. మరి కొనాలా, వద్దా?

ముందు రెండు ముక్కల్లో సింత్ అంటే ఏంటో చెప్పుకుందాం. పియానో యాప్‌లలో చాలావరకు రికార్డు చేసిన పియానో శబ్దాన్నే మళ్లీ వినిపిస్తాయి. సింత్ అలా కాదు. మీరు మీట నొక్కగానే లెక్కలు కట్టి, శబ్దాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఆసిలేటర్ శబ్దాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది, ఎన్వలప్ అది ఎంత వేగంగా మొదలై ఎలా ఆగాలో చెబుతుంది. ఎంత పెద్ద సింత్ అయినా పునాది ఇదే.

ఇంట్లో కూర్చున్న మనిషికి ఈ పని ఎలా సాధ్యమైంది? 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ తన క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వీఎస్‌టీ అనే పద్ధతిని తెచ్చింది. బయటివాళ్లు రాసిన ప్రోగ్రామ్‌లను కూడా లోపల తగిలించుకోవచ్చు. 1999లో అందులోకి వాద్యాలు కూడా వచ్చాయి. తర్వాత సింత్‌ఎడిట్ లాంటి పనిముట్లు వచ్చాయి. వాటిలో కోడ్ రాయక్కర్లేదు. తెర మీద డబ్బాలు పెట్టి, వాటి మధ్య వైర్లు గీస్తే సింత్ తయారు. దాంతో వందల కొద్దీ సింత్‌లు పుట్టుకొచ్చాయి. కొన్ని నిజంగా కొత్తవి. చాలావాటిలో లోపల అవే రెడీమేడ్ డబ్బాలు, పైన బొమ్మ మాత్రం కొత్తది. ఒకే పిండితో వేసిన అట్లకి వేరే వేరే పేర్లు పెట్టి అమ్మినట్టు.

అలాగని ఒంటరిగా చేసేవాళ్లని తక్కువ చేసి మాట్లాడను. జపాన్‌లో ఇచిరో తోడా తయారు చేసిన సింత్‌వన్ ఉచితమే. నోర్డ్ లీడ్ 2 అనే హార్డ్‌వేర్ కీబోర్డును ఆదర్శంగా పెట్టుకుని చేశాడు. ప్రపంచమంతా ఏళ్ల తరబడి వాడింది. 2020 నవంబర్‌లో మ్యాట్ టైటెల్ అనే ప్రోగ్రామర్ వైటల్ విడుదల చేశాడు. అందులో ఉచిత వెర్షన్ ఉంది, 25 డాలర్లది ఉంది, 80 డాలర్లది ఉంది. శబ్దం పుట్టించే ఇంజిన్ మాత్రం మూడింటిలోనూ ఒకటే. డబ్బు పెరిగేకొద్దీ దొరికేది ఎక్కువ ప్రీసెట్లు, ఎక్కువ వేవ్‌టేబుల్స్. యమహా 1983లో తెచ్చిన డీఎక్స్ 7 కీబోర్డు శబ్దాలు కావాలంటే డెక్సెడ్ ఉంది, అదీ ఉచితమే.

అంటే ఈ రంగంలో ఉచితంగా దొరికేదే చాలా ఎత్తులో ఉంది. కాబట్టి డబ్బులు అడిగే ప్రతి సింత్‌నీ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే. వీటి దగ్గర లేనిది నీ దగ్గర ఏముంది?

దీనికి జవాబు వెబ్‌సైట్‌లో దొరకదు, చెవితో వెతకాలి. డెమో దించుకుని ఈ మూడు పరీక్షలు పెట్టండి. డెమో ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. నా వరకు ఇందులో బేరం లేదు.

మొదటిది, పై స్థాయి పరీక్ష. ఎఫెక్టులన్నీ ఆపేయండి. ముఖ్యంగా రివర్బ్. తప్పులన్నీ దాక్కునేది దాని వెనకే. ఒక్క సా వేవ్ పెట్టి, ఫిల్టర్ పూర్తిగా తెరిచి, బాగా పై స్వరాలు వాయించండి. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను. కంప్యూటర్ మామూలుగా సెకనుకి 44,100 శాంపిళ్లతో శబ్దాన్ని రాస్తుంది. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని అది పట్టుకోలేదు. లెక్క తేలిగ్గా ఉండటానికి మీరు 5,000 హెర్ట్జ్ స్వరం వాయించారనుకోండి. సా వేవ్‌లో దానితో పాటు 10,000, 15,000, 20,000, 25,000, 30,000 ఇలా వరసగా ఉంటాయి. జాగ్రత్తగా రాయని సింత్‌లో హద్దు దాటినవి పోకుండా వెనక్కి మడతపడతాయి. 25,000 కాస్తా 19,100 అవుతుంది. 30,000 కాస్తా 14,100 అవుతుంది. 40,000 ఏకంగా 4,100 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. మీరు వాయించిన స్వరంతో వీటికి ఏ సంబంధమూ లేదు. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

వినడం ఎలా? పిచ్ బెండ్‌ని నెమ్మదిగా పైకి జరపండి. స్వరం పైకి పోతుంటే, వెనకాల ఇంకో సన్నటి ఈల కిందికి దిగుతూ వినిపిస్తే అదే ఏలియాసింగ్. దీన్ని ఆపడానికి పద్ధతులున్నాయి, వాటికి శ్రమ, లెక్కలు తెలిసి ఉండటం, ప్రాసెసర్ శక్తి కావాలి. చేసిన మనిషికి పని తెలుసా లేదా అన్నది ఇక్కడే బయటపడుతుంది. కావాలని గరుకు శబ్దం కోసం చేసిన సింత్‌లు వేరే సంగతి, వాటిలో అదే అందం.

రెండోది, నాబ్ పరీక్ష. ఒక స్వరం పట్టుకుని ఫిల్టర్ నాబ్ నెమ్మదిగా తిప్పండి. శబ్దం నూనెలా జారాలి. జిప్ లాగినట్టు బరబరమంటే, మధ్య విలువలు నింపే పని చేయలేదన్నమాట.

మూడోది, బరువు పరీక్ష. నాలుగు స్వరాల కార్డ్ పట్టుకుని, అదే సింత్‌ని ఐదారు ట్రాకుల్లో తెరవండి. సీపీయూ మీటర్ చూడండి. ఒక్కటే బాగా మోగి, మూడోదానికి పాట తెగిపోతుంటే మీ లాప్‌టాప్‌లో దాంతో పాట పూర్తి కాదు.

మన సంగీతం వాయించేవాళ్లకి ఇంకొకటి. గమకం పలకాలంటే పిచ్ బెండ్ పరిధి మార్చుకునే వీలుండాలి, స్వరం నుంచి స్వరానికి జారే గ్లైడ్ తెగకుండా ఉండాలి. పన్నెండు సమాన స్వరాలే కాక వేరే శ్రుతి పట్టికలు కావాలంటే సర్జ్ ఎక్స్‌టీలో ఆ సదుపాయం ఉంది. అదీ ఉచితమే.

ఫోన్ మీదే పాటలు చేసేవాళ్ల సంగతి చూద్దాం. ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఒక యాప్‌లోని సింత్‌ని గ్యారేజ్‌బ్యాండ్ లాంటి ఇంకో యాప్ లోపల తెరవొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ వాడుక అంతగా లేదు, సింత్ యాప్ తన లోకంలో తాను ఉంటుంది. కాబట్టి కొనేముందు అది శబ్దాన్ని వేవ్ ఫైల్‌గా బయటికి ఇస్తుందో లేదో చూడండి. ఇవ్వకపోతే అది బొమ్మ, పనిముట్టు కాదు. మీట నొక్కాక శబ్దం ఎంత ఆలస్యంగా వస్తోందో కూడా చూడండి. అయితే ఆ పరీక్ష బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో చేయొద్దు. ఆలస్యం వాటిదే అయి ఉండొచ్చు. వైర్ ఉన్నవి పెట్టుకోండి.

ఇక అసలు విషయానికి వద్దాం. సింత్ ఈ పరీక్షలన్నీ పాసైందనుకోండి. అప్పుడు మీరు కొంటున్నది ఏమిటి? శబ్దం అనుకుంటాం. శబ్దం ఉచితంగానే దొరుకుతోందని ఇందాకే చూశాం. నిజానికి మీరు కొంటున్నది, మీ పాట ఐదేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుందన్న నమ్మకం.

ఎందుకంటే మీ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉండేది శబ్దం కాదు, ఆ సింత్ పేరు, నాబ్‌ల స్థానాలు మాత్రమే. సింత్ పోతే ఆ ట్రాక్ మూగబోతుంది. ఇది ఊహ కాదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32-బిట్ యాప్‌లు పనిచేయడం ఆగిపోయాయి. 2019లో మ్యాక్ కంప్యూటర్లకి కెటలీనా వచ్చినప్పుడు అక్కడా అంతే. ఆండ్రాయిడ్‌లో 2022 నాటి పిక్సెల్ 7 అయితే 64-బిట్ యాప్‌లనే నడుపుతుంది. పెద్ద కంపెనీలు కొత్త వెర్షన్లు రాసుకున్నాయి. ఒంటరిగా చేసినవాళ్లలో కొందరు రాశారు, కొందరికి అప్పటికే పెళ్లిళ్లై, ఉద్యోగాలు మారి, ఆసక్తి పోయింది. వాళ్ల తప్పు కాదు. కానీ వాళ్ల సింత్‌లతో కట్టిన పాటలు పాత కంప్యూటర్లలోనే ఉండిపోయాయి.

దీనికి రెండో ముఖం సర్జ్ కథ. అది మొదట డబ్బుకి అమ్మిన సింత్. 2018లో దాని సృష్టికర్త కోడ్ మొత్తాన్ని బయట పెట్టేశాడు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి దాన్ని బాగుచేశారు. 2022లో అది సర్జ్ ఎక్స్‌టీగా వచ్చింది. ఒక మనిషి వదిలేసినా సింత్ బతికింది.

అందుకే కొనేముందు నాలుగు సంగతులు చూడండి. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? మూడేళ్లుగా ఏమీ లేకపోతే ఆలోచించండి. 64-బిట్ వెర్షన్ ఉందా? లైసెన్స్ ఎలా పనిచేస్తుంది? తెరిచిన ప్రతిసారీ ఆయన సర్వర్‌ని అడిగేదైతే, సర్వర్ ఆగిన రోజు మీ సింత్ కూడా ఆగుతుంది. సీరియల్ నంబర్‌తోనో ఒక ఫైల్‌తోనో తెరుచుకునేది మేలు. చివరగా, మెయిల్ పెడితే జవాబు వస్తోందా? కొనకముందే ఒక సందేహం రాసి చూడండి. ఈ విషయంలో ఒంటరి డెవలపర్లదే పైచేయి. నేరుగా కోడ్ రాసిన మనిషే మీకు జవాబిస్తాడు.

క్రాక్ వెర్షన్ సంగతి కూడా చెప్పాలి. వైరస్ భయం ఎలాగూ ఉంది. అది కాక, పదివేలమంది కొనే కంపెనీకి ఒక కాపీ పోతే తెలియదు. నెలకి పదిమంది కొనే మనిషికి తెలుస్తుంది. నచ్చకపోతే ఉచితమైనవి బోలెడున్నాయి, దొంగిలించాల్సిన అవసరమే లేదు.

నా తీర్పు ఇది. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. వైటల్ ఉచిత వెర్షన్‌నో సర్జ్‌నో తీసుకుని ఆరు నెలలు అదే వాడండి. ఆ తర్వాత ఏదైనా చిన్న సింత్ మీద మనసు పడితే, దాని డెమోతో ఒక పాట పూర్తి చేయండి. తర్వాత ఆ ట్రాక్ తీసేసి, అదే శబ్దాన్ని ఉచిత సింత్‌తో చేయడానికి ఒక సాయంత్రం కూర్చోండి. వచ్చేసిందా, డబ్బు మిగిలింది. ఎంత చేసినా రాలేదా, ఆ మనిషి దగ్గర మీకు అవసరమైనది ఏదో ఉంది. అప్పుడు బేరం ఆడకుండా కొనండి. ఆ ముప్ఫై డాలర్లే ఆయన చేత వచ్చే అప్‌డేట్ రాయిస్తాయి.

కొన్నా, ఉచితంగా తీసుకున్నా ఒక అలవాటు మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాక్‌నీ వేవ్ ఫైల్‌గా విడివిడిగా దించి, ఇంకో చోట దాచండి. సింత్‌లు వస్తాయి, పోతాయి. పాట మీది.

మీరు వాడే చిన్న సింత్ పేరు, అది మూడు పరీక్షల్లో ఎలా నిలబడిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.