భిలాయి సెక్టార్లను అవార్డుల కొలతతో చూస్తే

2021లో డెన్మార్క్‌లోని ఓబెల్ ఫౌండేషన్ తన ఆర్కిటెక్చర్ అవార్డును ఏ భవనానికీ ఇవ్వలేదు, ఒక ఆలోచనకు ఇచ్చింది. ఇంటి నుంచి పావుగంట నడిస్తే, లేదా సైకిల్ తొక్కితే, బడి, అంగడి, ఆసుపత్రి, పార్కు అందాలన్నదే ఆ ఆలోచన. పారిస్‌లో పనిచేసే కార్లోస్ మొరెనో 2016లో దాన్ని ‘పావుగంట నగరం’ పేరుతో ముందుకు తెచ్చారు. బహుమతి లక్ష యూరోలు. ఉక్కు పట్టణం భిలాయిలో, సెక్టార్ 5లోనో, 7లోనో పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో కొత్తేముందని అనిపిస్తే తప్పులేదు.

మామూలు నడకలో మనిషి నిమిషానికి 80 మీటర్లు వెళ్తాడు. పావుగంటకు 1,200 మీటర్లు. 1929లో అమెరికన్ ప్లానర్ క్లారెన్స్ పెర్రీ ఇంతకంటే బిగువైన కొలత ఇచ్చారు: పిల్లల బడి ఇంటికి సుమారు 400 మీటర్లలోపే ఉండాలి. అంటే ఐదు నిమిషాల నడక. ఊరిని దాదాపు 160 ఎకరాల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఐదారు వేల మందిని ఉంచాలి. బడి మధ్యలో ఉండాలి, లారీలు తిరిగే పెద్ద రోడ్డు అంచున పోవాలి. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో లేచిన కొత్త ఊళ్లలో చాలావాటికి ఈ ఊహే మూలం. భిలాయి సెక్టార్లూ ఆ కోవలోవే.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాలుగేళ్లలో పది లక్షల టన్నుల కర్మాగారంతో పాటు దాని జనానికి ఒక ఊరు కూడా లేవాలి. 1 నుంచి 10 దాకా అంకెలే పేర్లుగా సెక్టార్లు వచ్చాయి. నడుమ సివిక్ సెంటర్, సెక్టార్ 9లో ఆసుపత్రి. కళింగాంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లు ఈ అంకెల మధ్యే సెక్టార్ 5 బాలాజీ గుడి చుట్టూ తమ ఊరిని నిలుపుకున్నారు. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ మొదలైనప్పుడు దాని అవసరం ఈ ఇళ్లకు ఎవరూ వివరించాల్సి రాలేదు. విశాఖ ఉక్కునగరంలోనూ చిరునామా సెక్టార్ నంబరుతోనే మొదలవుతుంది.

మరి అవార్డుల జాబితాల్లోకి ఇలాంటి ఊరు ఎందుకు ఎక్కదు? నిబంధనలే కారణం. మూడేళ్లకోసారి ఇచ్చే ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు మొత్తం పది లక్షల డాలర్లు. 2025 విడతకు 2018–2023 మధ్య పూర్తయిన కట్టడాలనే తీసుకున్నారు. అవి కనీసం ఏడాది వాడుకలో ఉండాలి. 19 ప్రాజెక్టులు తుది జాబితాకు చేరాయి, ఏడు గెలిచాయి. అరవై దాటిన ఊరికి అక్కడ చోటు లేదు.

ఆ అవార్డునే 1995లో ఇండోర్‌లోని అరణ్య కాలనీ గెలుచుకుంది. అప్పుడు ఇండోర్, భిలాయి ఒకే రాష్ట్రంలో ఉండేవి. మన హైదరాబాద్ ఈసీఐఎల్ టౌన్‌షిప్‌ను గీసిన బాలకృష్ణ దోషీదే అరణ్య కూడా. సుమారు 85 హెక్టార్లు, 6,500 ఇళ్లు, 60 వేల జనం లెక్క. అంటే హెక్టారుకు 700 మందికి పైనే. అతి చిన్న స్థలం 35 చదరపు మీటర్లు. పేదలకు పునాది, నీళ్లు, మరుగుదొడ్డి, ఒక గది ఇచ్చి, మిగతాది సంపాదన పెరిగేకొద్దీ వాళ్లే కట్టుకునేలా వదిలారు. ఇక్కడే భిలాయి వెనకబడింది. సెక్టార్లో క్వార్టర్ పర్మనెంట్ ఉద్యోగికి దక్కింది. కాంట్రాక్టు కూలీ బస్తీల్లో తలదాచుకున్నాడు. భూములిచ్చిన పల్లెల్లో చాలామందికి ఈ నీడ అందలేదు. ఆ లోటును దాచి ఈ ఊరిని పొగడడం నాకు ఇష్టం లేదు.

కొత్త కట్టడాల వరసలో భిలాయికి ఉన్నది ఐఐటీ. 2018 జూన్ 14న శంకుస్థాపన, 2024 ఫిబ్రవరి 20న ప్రారంభం. కుటేలాభాటాలో సుమారు 400 ఎకరాలు, అరణ్యకు దాదాపు రెట్టింపు. జ్యూరీల కళ్లు సహజంగా అటే పోతాయి.

కానీ పాత ఊరికీ ఒక తలుపు తెరిచే ఉంది. యునెస్కో ఆసియా–పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ అవార్డులకు 50 ఏళ్లు దాటిన కట్టడాన్ని బాగుచేసి, వాడుకలో ఉంచాలి. 2022లో గోల్కొండ మెట్లబావులు, దోమకొండ కోట ఈ దారిలోనే గెలిచాయి. 1959 నాటి క్వార్టర్లకు ఆ వయసు 2009లోనే నిండింది. పోలండ్‌లో ఇదే కాలపు ఉక్కు పట్టణం నోవా హుతాను 2023లో జాతీయ చారిత్రక స్మారకంగా ప్రకటించారు.

భిలాయికి కొరత పడింది వయసు కాదు, మరమ్మతు. 1980లతో పోలిస్తే కర్మాగారం ఉద్యోగుల సంఖ్య సగానికంటే తక్కువకు పడిపోయింది. పాత క్వార్టర్లు కొన్ని లీజుకు వెళ్లాయి, కొన్ని పాడుబడ్డాయి. నన్నడిగితే మొదటి దరఖాస్తు సివిక్ సెంటర్ కోసం వేయకూడదు. ఒక సెక్టార్లో ఒకే వీధిని తీసుకోవాలి. కప్పులు కారకుండా చేసి, చెట్లు కొట్టకుండా, గదులు ఎంతవరకు పెంచుకోవచ్చో లీజుదారులతో ఒప్పందం రాసుకుని, ఖాళీ ఇళ్లలో కొన్ని కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు అద్దెకివ్వాలి. ఏడాది తర్వాత జ్యూరీ వచ్చి బడి దాకా నడిచి చూసుకోవచ్చు.