తెగాల్సిన చోట తెగే దారం

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆరువందల ఏళ్ళు దాటిన బొంత ఒకటి ఉంది. ట్రిస్టన్ అనే వీరుడి కథను బొమ్మలుగా కుట్టిన ఈ బొంత 1360–1400 మధ్య సిసిలీలో తయారైంది. అవిసెనార గుడ్డల మధ్య దూది కూర్చి, వీరులూ గుర్రాలూ ఓడలూ ఉబ్బెత్తుగా కనిపించేలా అంచుల వెంట నారదారంతో కుట్టారు. బొమ్మల గీతలకు గోధుమరంగు దారం, మిగిలిన చోట తెల్లనిది. అద్దకం లేదు, రంగుల పూత లేదు. దారం బిగించిన చోట గుడ్డ లోపలికి పోయింది, వదిలిన చోట పైకి లేచింది. ఆ ఎత్తుపల్లాలే బొమ్మ. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా ఆ కథను గుర్తుపట్టగలుగుతున్నామంటే అది దారం చలవే.

అయినా చేత్తో క్విల్ట్ కుట్టడం మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది గుడ్డకు వారాల తరబడి వెతుకుతారు, దారం మాత్రం ఇంట్లో ఉన్న రీలు తీసి వాడేస్తారు. ఆ రీలు వెనక ఎంత చరిత్ర, ఎంత రసాయనశాస్త్రం ఉందో తెలిస్తే అలా చేయబుద్ధి కాదు.

ముందు దారానికి మనం పెట్టే పరీక్ష ఏమిటో చూద్దాం. సూదికి మూరెడు దారం, అంటే సుమారు 45 సెంటీమీటర్లు ఎక్కించామనుకోండి. అందులో 35 సెంటీమీటర్ల దాకా కుట్టులోకి పోతుంది. మూడు మిల్లీమీటర్లకు ఒక కుట్టు పడితే మొత్తం దాదాపు వంద కుట్లు. ఒక్కో కుట్టులో సూది ఒకసారి దిగుతుంది, ఒకసారి పైకి వస్తుంది. అంటే, అన్నిటికన్నా చివర కుట్టులో కుదురుకునే దారం ముక్క అప్పటికే పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ మూడింటినీ దాదాపు 200 సార్లు ఒరుసుకుంటూ దాటి ఉంటుంది. సూది బెజ్జంలో ఉన్న చోటైతే పని సాగినంతసేపూ లోహంతో రాసుకుంటూనే ఉంటుంది. దారం నూగు లేచి, పురి విడిపోయి, చిక్కులు పడేది అందుకే. మూరకు మించి దారం ఎక్కించవద్దని అనుభవజ్ఞులు చెప్పేదీ అందుకే.

ఇంత ఒరిపిడిని తట్టుకునే దారం ఎలా పుట్టిందో తెలియాలంటే పత్తి పీచు దగ్గరికి వెళ్ళాలి. పత్తి గింజ పైపొరలోని ఒక్క కణం సాగి సాగి ఒక పీచు అవుతుంది. మామూలు రకాల్లో దాని పొడవు 25–30 మిల్లీమీటర్లు. కాయలో పచ్చిగా ఉన్నంతకాలం అది గుండ్రటి గొట్టం. కాయ పగిలి ఎండ తగిలేసరికి లోపలి తేమ ఆరిపోయి, గొట్టం చదునుగా అణిగి, మెలికలు తిరిగిన పట్టీలా తయారవుతుంది. ఆ మెలికలే పత్తికి వరం. పక్కపక్క పీచులు ఒకదాన్నొకటి పట్టుకోగలిగేది వాటివల్లే.

పట్టుకుంటే చాలదు, జారకుండా బిగించాలి. ఆ పని పురి చేస్తుంది. పురి తిరిగిన పోగును రెండు కొసలూ పట్టి లాగితే, చుట్టుకుని ఉన్న పీచులు లోపలి వాటిని నొక్కుతాయి. ఎంత లాగితే అంత నొక్కుడు, అంత పట్టు. రెండు అంగుళాలైనా లేని పీచులతో మైళ్ళ పొడవు దారం చేయగలుగుతున్నామంటే కిటుకంతా ఇక్కడే ఉంది. అయితే ఒకే దిక్కుకు పురి పెట్టిన పోగు ఊరుకోదు, వదిలితే తనమీద తానే చుట్టుకుపోతుంది. అందుకని రెండు మూడు పోగులు కలిపి ఎదురు దిక్కుకు మళ్ళీ పురి పెడతారు. రెండు పురులూ ఒకదాన్నొకటి సరిదిద్దుకుని దారం నిలకడగా ఉంటుంది. మనవాళ్ళు పేటలు అనేది ఈ పోగుల్నే. రెండు పేటల దారం పల్చగా గుడ్డలో ఒదిగిపోతుంది. మూడు పేటలది గుండ్రంగా, ఒరిపిడికి ఎక్కువ ఓర్చుకునేలా ఉంటుంది.

మన దేశంలో నూలుదారంతో కుట్టడం ఎన్నటినుంచో ఉంది. ఐరోపాలో మాత్రం 18వ శతాబ్దం చివరి దాకా కుట్టుదారమంటే అవిసెనారో, పట్టో. స్కాట్లండ్‌లో గ్లాస్గో పక్కనున్న పెయిస్లీ ప్రాంతానికి నారదారంలో పేరు తెచ్చింది క్రిస్టియన్ షా అనే మహిళ. ఆమె జీవితం గురించి చదివినప్పుడల్లా మనసు కలతపడుతుంది. పదకొండేళ్ళ వయసులో తనకు చేతబడి చేశారని ఆమె చెప్పిన మాటల మీద 1697లో పెయిస్లీలో విచారణ జరిగి ఏడుగురికి మరణశిక్ష పడింది. ఆ పిల్లే పెద్దయ్యాక నున్నటి, గట్టి నారదారం తీసే పద్ధతిని తన ప్రాంతంలో నిలబెట్టింది. బార్గారన్ దారం పేరుతో అది అమ్ముడుపోయింది. ఒకే ఊరి చరిత్రలో ఆ ఉరికంబాలూ ఈ దారపు చిలపలూ ఒకే మనిషి చుట్టూ తిరగడం మరచిపోలేని సంగతి.

నూలుదారం కథ కూడా ఆ పెయిస్లీలోనే మలుపు తిరిగింది. శాలువల నేతకు పేరుపడ్డ ఆ ఊళ్ళో క్లార్క్ సోదరులు మగ్గాల సామాను చేసి అమ్మేవారు. పడుగు పోగుల్ని పైకీ కిందికీ నడిపించే కళ్ళను పట్టుదారంతో అల్లేవారు. 1806లో నెపోలియన్ బెర్లిన్ శాసనంతో బ్రిటన్‌కు ఐరోపా వ్యాపారాన్ని మూసేశాడు. పట్టు దొరకడం కష్టమైంది. అప్పుడు పాట్రిక్ క్లార్క్ సన్నటి నూలుపోగుల్ని కలిపి పురిపెట్టి, పట్టుకు బదులు పనికొచ్చేంత నునుపైన దారం చేశాడు. మగ్గానికి పనికొచ్చింది సూదికి ఎందుకు పనికిరాదన్న ఆలోచన వచ్చింది. 1812లో ఆ కుటుంబం నూలు కుట్టుదారం కోసమే కర్మాగారం తెరిచింది. మొదట్లో చిలపలుగా అమ్మిన దారాన్ని జేమ్స్ క్లార్క్ కొయ్య కండెలకు చుట్టి ఇవ్వసాగాడు. కండెకు అర పెన్నీ అదనం, ఖాళీ కండె తిరిగిస్తే ఆ డబ్బు వాపసు. ఈనాటి దారపు రీలుకు పూర్వరూపం అదే.

1826లో అదే ఊళ్ళో జేమ్స్ కోట్స్ ఫెర్గుస్లీ మిల్లు పెట్టాడు. రెండు కుటుంబాలూ డెబ్బై ఏళ్ళు పోటీపడి, 1896లో ఒక్క సంస్థగా కలిసిపోయాయి. మన ఇళ్ళలో ఎంబ్రాయిడరీ డబ్బా తెరిస్తే కనిపించే యాంకర్ దారానికి ఆ లంగరు గుర్తు క్లార్కుల నుంచి వచ్చిందే. పెయిస్లీలో వాళ్ళ కర్మాగారాల పేరు కూడా యాంకర్ మిల్స్.

ఈలోగా కుట్టుమిషన్ వచ్చింది. 1846లో ఎలియాస్ హౌ, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. అప్పటి మూడు పేటల దారం చేతికి బాగానే ఉన్నా, మిషన్ వేగానికి తెగిపోయేది. పైన గంజిపూత వేస్తే మిషన్‌లో అంటుకునేది. 1860లలో అమెరికాలో, పెయిస్లీ క్లార్కుల ఇంటివాడే అయిన జార్జ్ క్లార్క్ ఆరుపోగుల దారాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. రెండేసి పోగుల జతలు మూడు చేసి, ఆ మూడింటినీ మళ్ళీ కలిపి పురిపెట్టిన దారం అది. ఇక్కడే రీళ్ళ మీది అంకెల్లో గందరగోళం మొదలైంది. నూలు కౌంటు అంటే మన నేతగాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో ఆ అంకె. అంకె పెరిగినకొద్దీ నూలు సన్నం. పాత 40 నంబరు దారంలో 40 కౌంటు పోగులు మూడు ఉండేవి. ఆరుపోగులకు మారినప్పుడు లావు పెరగకూడదని 80 కౌంటు పోగులు వాడారు, రీలు మీద నంబరు మాత్రం 40 గానే ఉంచారు. కొనేవాళ్ళు ఆ అంకెకు అలవాటుపడి ఉన్నారు మరి.

ఇవాళ్టి రీళ్ళ మీద 40 వెయిట్ అని ఉంటే చాలావరకు 40 కిలోమీటర్ల దారం ఒక కిలో తూగుతుందని అర్థం. 40/3 అని ఉంటే వరస వేరు. మొదటి అంకె ఒక్కో పోగు సన్నదనాన్ని, రెండోది పేటల సంఖ్యను చెబుతుంది. టెక్స్ అని ఉంటే లెక్క తిరగబడుతుంది. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములో చెప్పే కొలత అది, అంకె పెద్దదైతే దారం లావు. ఇన్ని పద్ధతులు ఉన్నప్పుడు ఒక్క అంకెను నమ్మి దారం కొనకూడదు, వేళ్ళ మధ్య నలిపి చూడాలి.

దారాన్ని నునుపు చేయడంలో మూడు పనులున్నాయి. మొదటిది దువ్వడం. పొట్టి పీచుల్ని తీసేసి, పొడవాటివాటిని ఒకే వరసలో నిలబెట్టడం. 1840లలో జోసువా హైల్మన్ ఇందుకు యంత్రం తయారుచేశాడు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముక పళ్ళతో దువ్వి, నూరు కౌంటు దాకా సన్నటి నూలు తీసే మహిళలు చేత్తో సాధించేది ఇలాంటి సన్నదనాన్నే. ఆ దవడతో దువ్విన పత్తిని చూస్తే పీచుల వరస కంటికే తెలుస్తుంది. యంత్రం గొప్పదనం వేగంలో ఉంది, ఆ ఆలోచన చేతులకు ముందే తెలుసు. రెండో పని కాల్చడం. దారాన్ని మంట మీదుగా వేగంగా పోనిచ్చి పైనూగును మాడ్చేస్తారు. 1817లో నాటింగ్‌హామ్ ప్రాంతపు శామ్యూల్ హాల్ గ్యాస్ మంటతో నూగు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు.

మూడోది అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది. 1844లో లాంకషైర్ అద్దకపు పనివాడు, స్వయంకృషితో రసాయనశాస్త్రం నేర్చుకున్న జాన్ మెర్సర్, గాఢమైన కాస్టిక్ సోడాను నూలుగుడ్డతో వడగట్టాడు. గుడ్డ దళసరెక్కింది, కుంచించుకుంది, బలపడింది, రంగును మరింతగా పీల్చుకోసాగింది. క్షారం పీచులోకి చొరబడి సెల్యులోజ్ అణువుల అమరికనే మార్చేస్తుంది. అణిగిపోయిన పట్టీ మళ్ళీ ఉబ్బి, మెలికలు విడి, కాయలో ఉన్నప్పటి గుండ్రదనానికి దగ్గరవుతుంది. 1850లో మెర్సర్ పేటెంటు పొందినా, గుడ్డ నాలుగో వంతు దాకా కుంచించుకుపోవడంతో వ్యాపారులు ముందుకు రాలేదు. 1866లో ఆయన కన్నుమూశాడు. 1890 ప్రాంతంలో హోరేస్ లో అనే మరో రసాయనజ్ఞుడు నూలును కుంచించుకోనివ్వకుండా లాగి పట్టి అదే పని చేస్తే, పట్టులాంటి మెరుపు వచ్చింది. మెర్సరైజ్డ్ అన్న మాట రీలు మీద కనిపిస్తే ఈ ఇద్దరి శ్రమా అందులో ఉన్నట్టే.

1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ పీచుకు పేటెంటు పొందారు. తడికీ పురుగుకూ లొంగని ఆ పీచు దారపు వ్యాపారాన్ని ఊపేసింది. సంచులకు, చెప్పులకు, జీన్స్‌కు అది ఎంతో మేలు చేసింది. చేతి క్విల్ట్‌కు మాత్రం నేను దాన్ని ఒప్పుకోను. కారణం దాని బలమే.

క్విల్ట్ మీద మనుషులు పడుకుంటారు, పిల్లలు గుంజుకుంటారు, ఏటా ఉతుకుతారు. ఎక్కడో ఒకచోట లాగుడు పడితే ఏదో ఒకటి తెగక తప్పదు. కుట్టు తెగితే పది నిమిషాల్లో మళ్ళీ వేసుకోవచ్చు. దారం గట్టిగా ఉండి గుడ్డ చిరిగితే, నెలల తరబడి కూర్చిన ముక్క పోయినట్టే. కాబట్టి నూలుగుడ్డకు నూలుదారమే వాడాలి, కుట్టే దారం గుడ్డకన్నా కాస్త బలహీనంగా ఉండాలి. రెండు శతాబ్దాలుగా కర్మాగారాలు బలమైన దారం కోసం పరుగెత్తాయి. చేతికుట్టుకు కావలసింది ఒరిపిడికి ఓర్చే దారం, లాగుడుకు గుడ్డకన్నా ముందు లొంగే దారం. ఈ రెండూ వేర్వేరు గుణాలు.

ఒరిపిడి బాధ తీర్చడానికే చేతి క్విల్టింగ్ దారమని ప్రత్యేకంగా అమ్మేది ఉంది. నూలుదారానికి మైనమో గంజిలాంటి పదార్థమో పూసి, ఆరబెట్టి, మెరుగుపెడతారు. నూగు అణిగిపోతుంది, దారం కాస్త బిరుసుగా నిలుస్తుంది, చిక్కులు తగ్గుతాయి. పూతదారాన్ని కుట్టుమిషన్‌లో వేయకూడదు, పూత రాలి లోపల పేరుకుంటుంది. ప్రత్యేక దారం దొరకకపోతే మామూలు మూడు పేటల నూలుదారాన్ని తేనెమైనం మీదుగా ఒకటి రెండుసార్లు లాగితే సరిపోతుంది.

లావు సంగతి కుట్టు స్వభావాన్ని బట్టి ఉంటుంది. సన్నటి వరస కుట్టుకు 40 వెయిట్ ప్రాంతపు దారం సరిపోతుంది. ముక్కలు కలపడానికి 50 వాడి, ఆ రీలుతోనే పైకుట్టు వేస్తే కుట్టు కనబడకుండా అణిగిపోతుంది. కుట్టే అలంకారం కావాలంటే 8 నంబరు పెర్ల్ కాటన్ అనే లావాటి ఎంబ్రాయిడరీ దారం తీసుకుని పెద్ద కుట్లు వేయవచ్చు. సూది చేసే రంధ్రం దారంకన్నా కొంచెం పెద్దగా ఉండాలి. అంతకన్నా చిన్నదైతే ప్రతి కుట్టూ దారాన్ని గీరేస్తుంది.

బెంగాలీ కాంథా కుట్టిన స్త్రీలు పాత చీరల అంచుల్లోంచి రంగు పోగులు పీకి, ఆ చీరలనే పొరలుగా పరిచి వాటితోనే కుట్టేవారు. గుడ్డ వయసే దారానికీ. మన పల్లెల్లో పాత చీరలు, పంచెలు పరిచి బొంతలు కుట్టేటప్పుడు ముతక నూలుదారం వాడే పద్ధతి ఉంది. నలిగి మెత్తబడ్డ గుడ్డకు అది బాగా పొసుగుతుంది. అదే బొంతను ఇప్పుడు పాలియెస్టర్ దారంతో కుడితే కుట్ల వెంట పాత గుడ్డ కోసుకుపోయే ప్రమాదం ఎక్కువ. రీలు మీద చీటీ లేకపోతే కొస ముట్టించి చూడొచ్చు. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది.

ముదురు రంగు దారాన్ని తెల్లగుడ్డ మీద వాడేముందు తడిపి, తెల్లటి పేలిక మీద నొక్కి రంగు దిగుతుందేమో చూడాలి. ఆ తర్వాత క్విల్ట్‌కు వాడబోయే గుడ్డలోంచే రెండు పేలికలు తీసి, మధ్య కాస్త దూది పెట్టి, బెత్తెడు పొడవున కుట్టాలి. రెండు పేలికలనూ రెండు చేతుల్తో పట్టుకుని విడదీసేంత గట్టిగా లాగాలి. కుట్టు తెగి గుడ్డ నిలిస్తే ఆ రీలు క్విల్ట్‌కు పెట్టుకోవచ్చు. కుట్టు నిలిచి గుడ్డ చిరిగితే దాన్ని సంచుల పనికి దాచుకోవచ్చు.