బడిపంతులు నేర్పిన ఫుట్‌బాల్

కువైట్‌లో ఉంటున్న మనకు ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. 1980లో ఆసియా కప్ ఇక్కడే జరిగింది, కువైటే గెలిచింది. రెండేళ్లకే ప్రపంచకప్‌లో కూడా ఆడింది. ఇరుగుపొరుగు పిల్లలు బంతి తన్నుతుంటే మన పిల్లలు పక్కనే క్రికెట్ ఆడుకుంటారు. "మనవాళ్లకు ఫుట్‌బాల్ రాదా నాన్నా?" అని మా అబ్బాయి అడిగాడు. వాడికి చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. 1909లో పుట్టారు. పాఠాలు చెబుతూనే ఫుట్‌బాల్ ఆడేవారు, ఆడించేవారు. అందరికీ ఆయన 'రహీం సాబ్'. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ సీజన్ మన ఊరి ఆటకు పండగే! బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యూరండ్ కప్ రెండూ హైదరాబాదుకే వచ్చాయి. డ్యూరండ్ ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు? 1911లో దాదాపు అందరూ వట్టి కాళ్లతో ఆడి ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించిన మోహన్ బగాన్! రోవర్స్ కప్‌నైతే మనవాళ్లు 1954 వరకు వరుసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు.

ఇంతకీ పంతులుగారి కిటుకు ఏమిటి? కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో మరో పోటీ. ఒక్కడి గొప్ప కాదు, పదకొండుమంది ఆట అని అలా నేర్పారు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మన దేశం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో రహీం శిష్యులు సెమీఫైనల్ చేరారు. అదే యుగోస్లావియా మీద ముందుగా గోల్ కొట్టింది మనమే! చివరికి 4-1తో ఓడి నాలుగో స్థానంలో నిలిచినా, అది చిన్న విషయమా? సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోనే ఉన్నాడు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. హైదరాబాదు ఆటగాళ్లు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఆ ఫైనల్లో ఆడారు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, క్యాన్సర్ రహీం సాబ్‌ను తీసుకుపోయింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆయన పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

2023 నవంబర్‌లో ఇక్కడి జాబర్ స్టేడియంలో భారత్ 1-0తో కువైట్‌ను ఓడించింది. ఆనాటి కెప్టెన్ సునీల్ ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మనకు కోచింగ్ సెంటర్లు, ఖరీదైన బూట్లు అన్నీ ఉన్నాయి. ఇంట్లో పెద్దలు చెప్పే కథలే తక్కువయ్యాయి.

పిల్లలూ! వచ్చే శుక్రవారం సాయంత్రం వాటం లేని కాలితో పది నిమిషాలు ఆడి చూడండి. బంతి చెప్పినమాట వినదు, నవ్వొస్తుంది. ఫరవాలేదు, ఆ నవ్వుతోనే మళ్లీ తన్నండి. రహీం సాబ్ క్లాసులో మొదటి పాఠం అదే!