మోకాలు రోడ్డుకెందుకు రాస్తారు?

ఎదురుగా మలుపు. దూసుకొస్తున్న బైకు ఒక్కసారిగా వాలిపోతుంది. నడిపేవాడు సీటు మీంచి పక్కకు జారతాడు. మోకాలు రోడ్డుకు రాసుకుంటుంది... ఒక్కోసారి మోచెయ్యి కూడా! 2023 సెప్టెంబరులో గ్రేటర్‌ నోయిడాలోని బుద్ధ్‌ సర్క్యూట్‌లో మోటోజీపీ పోటీలు జరిగినప్పుడు కుర్రాళ్లంతా గుడ్లప్పగించి చూసిన దృశ్యమిది. 'అబ్బ, ఏం స్టైల్‌!' అనుకుంటాం కానీ, అది స్టైల్‌ కాదు, లెక్క.

బైకు మలుపు తిరగాలంటే రోడ్డు దాన్ని లోపలివైపు నెట్టాలి. ఆ తోపు తగిలేది కింద టైర్లకి. బరువేమో పైన ఉంటుంది. నిటారుగా ఉంటే బండి బయటివైపు పడిపోతుంది. అందుకే లోపలికి వాలాలి. ఎంత? 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో 40 కిలోమీటర్ల వేగానికి 14 డిగ్రీలు చాలు. 60కి దాదాపు 30. అదే 90 అయితే 52 డిగ్రీలు! వేగం రెట్టింపైతే నాలుగింతల పట్టు కావాలి మరి. మన బండ్ల టైర్లకు అంత పట్టు ఉండదు.

వాలాల్సింది బండీ మనిషీ కలిపి. మనిషి లోపలికి జరిగితే బండి ఆ మేరకు తక్కువ వాలినా సరిపోతుంది. ఫుట్‌రెస్టులు నేలను గీరుకోవు. రేసులోనైతే అదే వాలుతో ఇంకాస్త వేగంగా పోవచ్చు. 60 డిగ్రీలు దాటి వాలే రేసర్లకు ఆ 'ఇంకాస్త' చాలా విలువైంది. ఇక మోకాలంటారా... అది బరువు మోయడానికి కాదు, ఎంత వాలామో తెలిపే కొలబద్ద. ఈ పద్ధతికి 1970ల్లో పేరు తెచ్చింది ఫిన్లాండ్‌ రేసర్‌ యార్నో సారినెన్‌, ఆ తర్వాత అమెరికన్‌ కెనీ రాబర్ట్స్‌.

ఇంకో తమాషా. వేగంలో ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి! చక్రం క్షణకాలం కుడికి తిరిగి, బండి ఎడమకు వాలుతుంది. రోజూ చేస్తూనే ఉంటాం, తెలియదంతే. విమానం కనిపెట్టిన విల్బర్‌ రైట్‌ ఈ సంగతి ఎంతోమంది సైకిలిస్టుల్ని అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారట.

రేస్‌ట్రాక్‌ మీద ఇసుక ఉండదు, ఎదురుగా లారీ రాదు. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో రెండూ ఉంటాయి. టైరుకున్న పట్టునే తిరగడానికీ బ్రేకుకీ పంచుకోవాలి. బాగా వాలి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకేస్తే చక్రం జారేది అందుకే. వేగం తగ్గించాల్సింది మలుపుకు ముందే. కుడి మలుపైతే మరీ జాగ్రత్త. చక్రాలు గీతకు ఇవతలే ఉన్నా, వాలిన మనిషి తల గీత దాటి ఎదురొచ్చే లారీ దారిలోకి వెళ్తుంది. అవతల ఏముందో కనిపించేదాకా రోడ్డుకు ఎడమవైపే ఉండాలి.