పసిబిడ్డను ఎవరు చూడాలె?

నాట్ల కాలం వచ్చింది. పొద్దున్నే పొలం పోవాలె. బోయినపల్లి దిక్కు చాలా ఇండ్లల్లో మగవాళ్లు దుబాయి పోయి ఉంటారు. ఇంట్లో అత్త కూడా లేకపోతే పసిబిడ్డను ఎవరు చూడాలె?

కొందరు పెద్దబిడ్డను బడి మాన్పిస్తారు. కొందరు పేదింటి చిన్నపిల్లను తెచ్చి పెట్టుకుంటారు. అట్లా చేయకండి. 6 నుంచి 14 ఏండ్ల పిల్లలకు 2009 చట్టం చదువు హక్కు ఇచ్చింది. 14 ఏండ్లలోపు పిల్లను జీతానికి పెట్టుకుంటే నేరం. 2016లో బాలకార్మిక చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. పైగా ఆపద వస్తే ఆ చిన్నపిల్ల ఏం చేయగలదు?

పిల్లల్ని పెంచిన ఆడమనిషిని చూడండి. ఊళ్లో నలుగురిని అడగండి. ముందు మూడు రోజులు మీరు ఇంట్లో ఉన్నప్పుడే రమ్మనండి. బిడ్డ ఆమె దగ్గర ఊరుకుంటుందా? ఆమె చేతులు కడుక్కొని తినిపిస్తుందా? గమనించండి.

జీతం ఎంత? ఏ రోజు ఇస్తారు? ఏ వేళ నుంచి ఏ వేళ దాకా పని? సెలవు ఎప్పుడు? అన్నీ కాగితం మీద రాసుకోండి. ఇద్దరూ సంతకం చేయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

జీతం బరువైతే నలుగురు తల్లులు కలిసి ఒకామెను పెట్టుకోండి. మూడేండ్లు నిండిన పిల్లల్ని అంగన్‌వాడీకి పంపండి.

మీ వాడలో బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్ల ఉందా? ఆ తల్లికి ఈ పాఠం చదివి వినిపించండి.