నక్కల నియంత్రణ - పాయింట్ 22 రైఫిలు

గొర్రెల మందలకు, మెట్ట పంటలకు నక్కల వలన కలిగే నష్టాన్ని అరికట్టడాన్ని నక్కల నియంత్రణ అంటారు. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో ఇందుకు తుపాకులను చట్టబద్ధంగా వాడతారు. వాటిలో ఒకటి పాయింట్ 22 రిమ్‌ఫైర్ రైఫిలు. భారతదేశంలో నక్క సంరక్షిత జంతువు. పాయింట్ 22 రైఫిలు లైసెన్సు ఇక్కడ ప్రధానంగా గురి అభ్యాసానికి ఉద్దేశించినది. కాబట్టి నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని కొండాపురం వంటి చోట్ల నక్కల బెడద నివారణకు విదేశాల పద్ధతి వర్తించదు. ఇక్కడి కాపరికి చట్టం ఇచ్చే వెసులుబాటు ఎంత, అది చాలనప్పుడు మందను కాపాడుకునే మార్గాలు ఏవి అన్నది ఈ వ్యాసంలో ప్రధాన విషయం.

నక్క, గుంటనక్క

తెలుగులో నక్క అనే మాటను రెండు వేర్వేరు జంతువులకు వాడతారు. ఊరి పొలిమేరలలో రాత్రివేళ గుంపుగా ఊళ వేసేది నక్క. ఇది కుక్క, తోడేళ్ళ ప్రజాతికి చెందినది. బరువు సుమారు 8 నుండి 11 కిలోలు ఉంటుంది. గుంటనక్క దీనికంటే చాలా చిన్నది. దాని బరువు 2 నుండి 4 కిలోలు మాత్రమే. పెద్ద చెవులు, సన్నని మూతి, నల్లని కొన గల కుచ్చుతోక దీని గుర్తులు. బయలు నేలల్లో బొరియలు తవ్వుకొని నివసిస్తుంది. పాఠ్యపుస్తకాల అనువాదాలలో ఈ రెండింటికీ ఒకే మాట వాడటం వలన విద్యార్థులు తరచు పొరబడుతుంటారు.

రెండూ మాంసాహారులుగా పేరుపడినా నిజానికి దొరికినదల్లా తింటాయి. ఎలుకలు, ఉడుతలు, మిడతలు, చెదపురుగులు, రేగుపండ్లు, కళేబరాలు వీటి ఆహారం. నక్క పుచ్చ, దోస, మొక్కజొన్న, చెరకు, వేరుశనగ చేలలో కూడా పడుతుంది. గుంటనక్క ఆహారంలో ఎలుకలు, పురుగులదే పెద్ద భాగం కనుక దాని వలన రైతుకు నష్టం కంటే మేలే ఎక్కువ. "నక్క తోక తొక్కి వచ్చాడు" అని అదృష్టవంతుని గురించి చెప్పుకొనే జాతీయం ఈ జంతువుకు జనజీవితంలో గల స్థానాన్ని తెలుపుతుంది. అదృష్టం పేరుతోనే "నక్క కొమ్ము" అని చెప్పి ఎముక ముక్కలను, వెంట్రుకల కుచ్చులను అమ్మే మోసం కూడా ఉన్నది. నక్కకు కొమ్ము ఉండదు. దాని పేరుతో జరిగే వ్యాపారం నేరం.

కొండాపురం ప్రాంతంలో బెడద

కొండాపురం ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. ఇదే పేరు గల మండలం కడప జిల్లాలో కూడా ఉన్నది. ఉదయగిరికి పడమటగా వెలిగొండలు సాగుతాయి. ఆ కొండలకు, తూర్పున తీర ప్రాంతపు వరి పొలాలకు నడుమ ఉన్న నేల చాలావరకు మెట్ట. వానమీద, వర్షాధార చెరువులమీద ఆధారపడిన సేద్యం, దానికి తోడు గొర్రెల పెంపకం ఇక్కడి జీవనాధారాలు. బీడు నేలల్లో, చెరువు కట్టల వెంట దట్టంగా అల్లుకున్న సర్కారు తుమ్మ పొదలు నక్కలకు పగటి నెలవులు.

నెల్లూరు జాతి గొర్రె దేశంలోని ఎత్తైన గొర్రె జాతులలో ఒకటి. దీనిలో తెల్లని పల్ల, నల్లని మచ్చలు గల జోడిపి, ఎర్రని దోర అని మూడు రకాలు ఉన్నాయి. పెరిగిన గొర్రెను నక్క ఒంటరిగా పడగొట్టడం అరుదు. కాని పుట్టినప్పుడు గొర్రెపిల్ల బరువు సుమారు మూడు కిలోలే. మంద ఈనే రోజుల్లో, తల్లి ఇంకా లేవలేని స్థితిలో, అప్పుడే పుట్టిన పిల్లను నక్క ఎత్తుకుపోవడం కష్టం కాదు. పదిహేను ఇరవై గొర్రెలు గల కాపరికి రెండు పిల్లలు పోతే ఆ ఏడాది ఆదాయంలో చెప్పుకోదగిన భాగం పోయినట్లే. ఈ కోపమే తుపాకి వైపు, విషం వైపు మనిషిని నడిపిస్తుంది. దానిని తేలికగా కొట్టిపారవేయరాదు.

అయితే నేరం నక్కదేనా అని ముందు తేల్చుకోవాలి. మందల మీద పడేవాటిలో ఊరకుక్కలు కూడా ఉంటాయి. కుక్కల గుంపు గొర్రెను తరిమి తొడలు, పిరుదులు, చెవులు చీల్చుతుంది, ఒకే రాత్రి ఎన్నింటినో గాయపరచి తినకుండా వదలివేస్తుంది. నక్క సాధారణంగా చిన్న పిల్లను ఎంచుకొని గొంతు పట్టి, వీలైతే ఎత్తుకుపోతుంది. చచ్చి పుట్టిన పిల్లను తిన్న నక్కను చూసి అదే చంపినదని భావించడం కూడా సాధారణం. కళేబరంలో పంటిగాట్ల వద్ద చర్మం కింద నెత్తురు గడ్డకట్టి ఉంటే బ్రతికి ఉండగా పట్టినట్లు, లేకుంటే చనిపోయిన తరువాత తిన్నట్లు పశువైద్యులు గుర్తిస్తారు.

రిమ్‌ఫైర్ రైఫిలు

తూటా అడుగున ఉండే అంచులో పేలుడు రసాయనం నింపి, ఆ అంచును సుత్తి తాకినప్పుడు పేలేటట్లు చేసిన ఏర్పాటును రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద రైఫిళ్ళలో ఈ రసాయనం తూటా అడుగున మధ్యభాగంలో ఉంటుంది. అంచు పలుచని లోహంతో చేయవలసి ఉన్నందున రిమ్‌ఫైర్ తూటా ఎక్కువ ఒత్తిడిని భరించలేదు. అందువలన దాని శక్తి పరిమితం. ప్రపంచంలో మిక్కిలి ప్రచారంలో ఉన్న పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా అమెరికాలో 1887లో రూపొందినది. మన దేశంలో ఎన్.సి.సి. విద్యార్థులు గురి నేర్చుకొనేది ఈ బోరు రైఫిలుతోనే.

దీని గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, శక్తి 140 నుండి 190 జౌళ్ళు. మధ్యపేలుడు రకానికి చెందిన పాయింట్ 223 తూటా శక్తి సుమారు 1,700 జౌళ్ళు. ఈ తేడాలోనే అసలు సమస్య ఉన్నది. తక్కువ శక్తి గల గుండు మెదడుకో గుండెకో తగిలితేనే జంతువు వెంటనే చనిపోతుంది. కొద్దిగా పక్కకు తగిలితే గాయంతో పొదల్లోకి పోయి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి బాధపడి చస్తుంది. దూరం పెరిగిన కొద్దీ గురి కూడా కష్టమవుతుంది. 50 మీటర్లకు సరిచేసిన రైఫిలు గుండు 100 మీటర్ల వద్ద 15 నుండి 20 సెంటీమీటర్లు దిగువన పడుతుంది. నక్క ఛాతీ అంత లోతు కూడా ఉండదు.

మనుషులకు గల ప్రమాదం మరొకటి. చిన్న తుపాకి అని తేలికగా భావించే ఈ రైఫిలు గుండు సుమారు కిలోమీటరున్నర దూరం పోగలదు. నెమ్మదిగా పోయే సీసపు గుండు రాతి నేలను, నీటిని తాకి ఎగిరి దిశ మార్చుకుంటుంది. గులకరాళ్ళ మెట్ట నేలల్లో, రాత్రిపూట పొలం కాపలాకు మనుషులు తిరిగే చోట దీని అర్థమేమిటో వివరించనక్కరలేదు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో ఎర్రనక్కకు వేట నిషేధ కాలం లేదు. భూయజమాని అనుమతి, పోలీసులు ఇచ్చే ఆయుధ ధ్రువపత్రం ఉంటే కాల్చవచ్చు. వేటకుక్కలతో తరిమి చంపడాన్ని మాత్రం ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 2004 నాటి చట్టం నిషేధించినది. అక్కడ కూడా పాయింట్ 22 రిమ్‌ఫైర్‌ను ముఖ్యంగా కుందేళ్ళకు వాడతారు. నక్కకు అది చాలా దగ్గరి దూరంలో, అనుభవజ్ఞుల చేతిలో మాత్రమే తగినదని, మామూలుగా మధ్యపేలుడు రైఫిలే మేలని వేటగాళ్ళే అంగీకరిస్తారు. 1959లో వచ్చిన పాయింట్ 22 మాగ్నం, 2002లో వచ్చిన పాయింట్ 17 రిమ్‌ఫైర్ తూటాలు కొంత మెరుగు. ఆస్ట్రేలియాలో ఎర్రనక్క స్వదేశీ జంతువు కాదు. 19వ శతాబ్దంలో ఐరోపావారు వేట వినోదానికి తెచ్చి వదలినది అక్కడి చిన్న జంతువులకు పెనుముప్పు అయినది. ఆ కారణంగా అక్కడ దానిని తగ్గించడం ప్రభుత్వ విధానం. మన నక్క ఈ నేలకు చెందినది, ఎలుకలను అదుపులో ఉంచేది. ఈ రెండు పరిస్థితులకు పోలిక లేదు.

భారతదేశంలో చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షను సంరక్షిత జంతువుల వేటను నిషేధిస్తున్నది. వేట అంటే కాల్చడమే కాదు. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటయే. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. దీనితో నక్క మొదటి షెడ్యూలులో చేరినది. ఆ షెడ్యూలులోని జంతువును వేటాడితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా పడుతుంది. గుంటనక్కకు కూడా చట్ట రక్షణ ఉన్నది.

11వ సెక్షను మినహాయింపులను తెలుపుతుంది. మొదటి షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణానికి ప్రమాదకరంగా మారినా, కోలుకోలేని జబ్బుతో ఉన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు కూడా పట్టుకొని తరలించడానికి వీలు లేదని ఆయన తృప్తి చెందితేనే చంపడానికి ఉత్తరువు ఇవ్వాలి. పంటకు, ఆస్తికి నష్టమన్న కారణం మొదటి షెడ్యూలుకు వర్తించదు. ఆత్మరక్షణకై, లేదా మరొక మనిషిని కాపాడటానికై సద్బుద్ధితో చంపితే నేరం కాదు. ఈ వాక్యంలో ఉన్నది మనిషి మాత్రమే, గొర్రె కాదు. చాలామంది గమనించని విషయమిది.

62వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం కొన్ని జంతువులను నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా ప్రకటించవచ్చు. 2015లో బీహారులో మనుబోతును, అడవిపందిని, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందిని, హిమాచల్ ప్రదేశ్‌లో కోతిని ఇలా ప్రకటించారు. మొదటి షెడ్యూలు జంతువులకు ఈ సెక్షను వర్తించదు.

ఇక తుపాకి సంగతి. 1959లో రూపొందిన ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట రక్షణకు గొట్టం మూతి నుండి మందు దట్టించే తుపాకిని, అది చాలదని అధికారి భావిస్తే గాడులు లేని మరొక తుపాకిని పేర్కొన్నది. పాయింట్ 22 రైఫిలును మాత్రం గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుల గురి సాధనకు కేటాయించినది. పంట రక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన సంరక్షిత జంతువును కాల్చే హక్కు రాదు. ఆయుధ లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు.

చట్టవిరుద్ధ పద్ధతులు

లైసెన్సు లేని నాటు తుపాకి, నాటు బాంబు, ఇనుప ఉచ్చు, కళేబరంలో కలిపిన గుళికల మందు, పొలం చుట్టూ లాగిన కరెంటు తీగ పల్లెల్లో అక్కడక్కడ వాడబడుతున్నాయి. వీటిలో విషం, కరెంటు ఎక్కువ హానికరం. గుళికలు కలిపిన మాంసాన్ని నక్కతో పాటు కాపరి కుక్క, గద్ద, కాకి కూడా తింటాయి. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు తగిలి ఆ పొలం రైతులే మరణించిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తరచు వార్తలకెక్కుతుంటాయి.

చంపడం వలన ఫలితం కూడా నిలవదు. ఒక జంట పోయిన చోటులోకి పొరుగు నక్కలు వచ్చి చేరతాయి. గుంటనక్క ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పిల్లలను పెడుతుంది. ఆ రోజుల్లో తల్లిని చంపితే బొరియలో పిల్లలు ఆకలితో చస్తాయి.

మందల రక్షణ

పొలంలో ఎరువు కోసం రాత్రిపూట మంద కట్టడం ఈ ప్రాంతపు పాత అలవాటు. రైతుకు పెంట, కాపరికి గింజలో రొక్కమో దక్కుతాయి. నక్కల భయం ఎక్కువగా ఉండేది ఈ బయలు మందలకే. ఈనే రోజులు దగ్గరపడిన గొర్రెలను బయలు మంద నుండి విడదీసి ఊరి దొడ్డికి చేర్చడం అన్నిటికంటే ఫలవంతమైన జాగ్రత్త. దొడ్డి చుట్టూ తుమ్మకంపను మనిషి నడుము ఎత్తున, అడుగున సందు లేకుండా పేర్చాలి. నక్క ఎగరడం కంటే దూరడానికే ఎక్కువగా ప్రయత్నిస్తుంది. ఇనుప వల అమర్చేవారు దాని అంచును జానెడు లోతున నేలలో పూడ్చాలి. పుట్టిన పిల్లలను మొదటి రెండు వారాలు రాత్రివేళ గంపల కింద కమ్మి, పైన రాయి పెట్టడం కాపరులు ఎరిగిన పద్ధతే.

మావిని, చచ్చిన పిల్లలను దొడ్డి పక్కన పారవేయడం పెద్ద పొరపాటు. ఆ వాసనకు అలవాటు పడిన నక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. వీటిని లోతుగా పాతిపెట్టాలి. మందతో పెరిగిన కుక్కలు రెండు ఉంటే నక్క దూరంగా మసలుతుంది. దీపాలు, డబ్బాల మోత, ఒడిసెల రాళ్ళు కొన్నాళ్ళు పనిచేస్తాయి గాని ఒకే చోట, ఒకే విధంగా వాడితే నక్క వాటికి అలవాటు పడుతుంది.

పగటివేళ జంకు లేకుండా ఊరిలోకి వచ్చి మనుషులను, పశువులను కరిచే నక్కకు రేబిస్ సోకి ఉండవచ్చు. అటువంటిదానిని చుట్టుముట్టి పట్టే ప్రయత్నం చేయరాదు. అటవీ రేంజి కార్యాలయానికి, పశువైద్యశాలకు తెలియజేయాలి. నక్క కరచినవారు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కరవబడిన గొర్రెలను, పశువులను మందలో కలపక వేరుగా కట్టి పశువైద్యునికి చూపాలి, వాటి పాలను పచ్చిగా త్రాగరాదు.